కాళ్ళకు చీటీలు లేని పిట్టలు

ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో నాకు ఒకే ఒక్క మెమో వచ్చింది. ఆలస్యంగా వచ్చినందుకు కాదు, పని ఎగ్గొట్టినందుకూ కాదు. రిజిస్టరులో నిజం రాసినందుకు. ఆ మెమో ఇచ్చిన పెద్దమనిషి కూడా అది నిజమేనని ఒప్పుకున్నాడు. "నిజమే కావచ్చునయ్యా, కానీ రిజిస్టరులో రాయాల్సిన నిజం కాదు" అన్నాడు. మ్యూజియం ఉద్యోగాల్లో కొత్తగా చేరిన కుర్రవాళ్ళు ఇప్పటికీ ఎప్పుడైనా నన్ను వెతుక్కుంటూ వస్తుంటారు. పురుగు పట్టకుండా ఏం చేయాలి, రంగు వెలిసిపోకుండా ఏం పూయాలి అని అడుగుతారు. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, చదువుకోండి నాయనా అంటాను. పుస్తకాల్లో లేనిది ఒకటి ఉంది. అది చెబుతాను.

నేను తిరుపతిలో ఒక కళాశాల జంతుశాస్త్ర విభాగంలో మ్యూజియం కీపరుగా పనిచేశాను. పేరు ఘనమైనదే. పని మాత్రం ఉదయం ఒక పొడుగాటి హాలుకు తాళం తీయడం, సాయంత్రం మళ్ళీ వేయడం. నడుమ ఉన్న గంటలన్నీ చచ్చిన పిట్టలతో గడపడం. కలరా ఉండల వాసన నా చొక్కాలకు ఎంతగా పట్టిందంటే, పాకాల నుంచి వచ్చే పాసింజరు రైల్లో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. విద్యార్థులు పరీక్షల ముందు రోజు ఒకసారి వచ్చి, పేర్లు బట్టీపట్టి పోయేవారు. మిగతా ఏడాదంతా ఆ హాల్లో మనిషి గొంతు వినపడాలంటే నేనే మాట్లాడుకోవాలి. ఇంట్లోనూ అంతే. పెళ్ళయిన మూడో ఏడు నా భార్య కాన్పులో పోయింది, బిడ్డ కూడా దక్కలేదు. మళ్ళీ చేసుకోమని చాలామంది అన్నారు. ఇవాళ చూద్దాం, రేపు చూద్దాం అనుకుంటూ ఉండగానే అడిగేవాళ్ళు మానేశారు. ఇందులో గొప్ప త్యాగమేమీ లేదు, బద్ధకం తప్ప.

ఆ పిట్టలు మాకు ఎలా వచ్చాయో చెప్పాలి. స్వాతంత్ర్యానికి ముందు మదనపల్లె వైపు కొండమీద బంగళా కట్టుకుని ఒక దొర ఉండేవాడట. ఆసియా ఖండమంతా తిరిగి పిట్టలను కొట్టి తెచ్చి దాచుకోవడం ఆయనకు పిచ్చి. దేశం వదిలిపోతూ బీరువాలన్నీ ఒక బడికి ఇచ్చేశాడు. అవి చేతులు మారి మారి చివరికి మా హాలుకు చేరాయి. కొన్నిటిని బతికున్నట్టు నిలబెట్టి అద్దాల్లో పెట్టారు. ఎక్కువ భాగం మాత్రం సొరుగుల్లో వెల్లకిలా పడుకుని ఉండేవి. తోలు ఒలిచి, లోపల దూది కూరి, కడుపు మీద సన్నగా కుట్టి, కాళ్ళు రెండూ కలిపి దారం కట్టి, ఆ దారానికి ఒక చీటీ వేలాడదీసేవారు. చీటీ మీద పిట్ట పేరు, దాన్ని పట్టిన ఊరు, తేదీ.

ఒక సొరుగు లాగితే మంచుకొండల కోడి, మెడ మీద ఏడు రంగులూ మెరిసేది. దాని కింది సొరుగులో బర్మా నెమలి. మన నెమలి మెడ నీలం, దాని మెడ పచ్చగా చేప పొలుసుల్లా ఉంటుంది. ఇంకో దాంట్లో సింహళం అడవికోడి, ఎర్రటి జుట్టు నడుమ పసుపు మచ్చతో. సైబీరియా నుంచి చలికాలం మన చెరువులకు దిగే సన్నకాళ్ళ పిట్టలు, ఎడారి ఇసుక రంగు పిట్టలు, ముక్కు మీద ఇంకో డిప్ప ఉండే అస్సాం అడవి పక్షులు. నేను రేణిగుంట దాటి ఎక్కువ పోయిన మనిషిని కాను. కానీ ఖండంలోని పిట్టలన్నీ నాకు ఈక ఈకగా తెలుసు. ఏది ఎలా కూస్తుందో మాత్రం తెలియదు.

ఇక నేను చేసిన పని. తొంభైల మొదట్లో ఢిల్లీ నుంచి ఒక కమిటీ మా కళాశాలను చూడ్డానికి వస్తుందన్నారు. మా విభాగం హెడ్డు హాల్లోకి వచ్చి, ఒక సొరుగు లాగి, ముక్కు మూసుకుని, "ఈ మాసిపోయిన చీటీలేమిటయ్యా, ఆసుపత్రి శవాలకు కట్టినట్టు! కొత్తవి రాయించు. నీ చేతిరాత బాగుంటుంది గదా" అన్నాడు. ఆ చివరి మాటతో నేను పడిపోయాను. మందపాటి తెల్ల కార్డులు అచ్చువేయించి తెచ్చారు. వాటి మీద మూడే గీతలు. వాడుక పేరు, శాస్త్రీయ నామం, కుటుంబం. ఊరికి గీత లేదు, తేదీకి లేదు. అచ్చు వేసినవాళ్ళు ఇవ్వలేదు, నేను అడగలేదు. పది రోజులు ముత్యాల్లా రాశాను. పాత దారాలు కత్తిరించి చీటీలన్నీ ఒక గోనెసంచిలో వేశాను.

మా అటెండరు నాకంటే పెద్దవాడు. చదువు తక్కువే కానీ ఏదీ పారేసే మనిషి కాదు, విరిగిన సీసా మూతలు కూడా దాచేవాడు. సంచి పట్టుకుని, "సార్, ఈ పాత సీటీలు యాడన్నా దాసిపెడదామా?" అని అడిగాడు.

"ఎందుకప్పా? పేర్లు కొత్త కార్డుల మీద రాసినాం గదా" అన్నాను.

"ఊరి పేరుండాది గదా సార్ వీట్లో."

"రెక్కలుండే దానికి ఊరేందప్పా?"

ఆ మాటకు నేనే నవ్వుకున్నాను. అటెండరు నవ్వలేదు. హాలు వెనక ప్రహరీ గోడ పక్కన, అద్దాల్లోని పిట్టల నుంచి తీసేసిన, పురుగు తిన్న పాత గడ్డితో పాటు ఆ సంచి బోర్లించి నేనే అగ్గిపుల్ల గీశాను. ఎవరూ చెప్పలేదు. చీటీలు మార్చమన్నారు గానీ కాల్చమనలేదు. అది పూర్తిగా నా శ్రద్ధ. కమిటీవాళ్ళు మర్నాడు వచ్చి హాల్లో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచిపోయారు. ఒకాయన మాత్రం ఆగి, చేతిరాత ఎవరిదని అడిగాడు. ఆ రోజు నేను ఎంత పొంగిపోయానో చెబితే మీరు నవ్వుతారు.

మూడేళ్ళ తర్వాత, ఎండాకాలం సెలవుల్లో, కళాశాల అంతా నిర్మానుష్యంగా ఉన్న ఒక ఉదయం, ఒకాయన హాలు గుమ్మంలో నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి. తెల్ల పంచె, భుజాన తుండు, చేతిలో మూడు గిన్నెల క్యారియరు. వేళ్ళ కొసలు చూస్తే మగ్గం నేసే మనిషని తెలుస్తోంది.

"సార్, మాది నగరి. తొలి బస్సుకు వచ్చినాను. దొర పిట్టలు ఈడనే గదా ఉండేది?"

ఆ హాలుకు పనిగట్టుకుని బస్సెక్కి వచ్చిన మొదటి మనిషి ఆయనే. కుర్చీ తుడిచి వేశాను. కూర్చోలేదు. తాను వచ్చిన పని నిలబడే చెప్పాడు.

"మా నాయన గూడా నేసేవాడే సార్. దొరకు పిట్టల్ని కుట్టే మనిషి కావాల్సొచ్చి, సన్నదారం పనైతే నేతగాడే మేలని ఎవురో సెప్తే నగరికొచ్చి మా నాయన్ని పిల్సకపోయినాడంట. వచ్చేది, మళ్ళా పొయ్యేది. నాకు తొమ్మిదేండ్లప్పుడు పొయినోడు ఇంగ రాలేదు. దొర ఒగడే తిరిగొచ్చినాడు. మాయమ్మ నడ్సుకుంటా బంగళాకు పొయ్యి అడిగితే, జరంతో పొయినాడని ఏదో ఊరి పేరు సెప్పినాడంట. ఆ పేరు మాయమ్మకు నోరు తిరగలా. ఇంటికొచ్చే లోపల మర్సిపొయింది."

చేతిలోని క్యారియరు నేల మీద పెట్టాడు.

"మర్సిపొయిన దానికి ఆయమ్మ కడదాకా ఏడ్సింది సార్. ఊరి పేరే లేనప్పుడు సావేంది అని బొట్టు తియ్యలా. నాయనకు పిండం పెడతానంటే ఒప్పుకోలా. పోయిన సంకురాత్రి ముందర ఆయమ్మ గూడా పొయింది. మా ఊరి బడి అయివారు ఒకాయన సిన్నప్పుడు ఈడ సదివినాడు. పిట్టల కాళ్ళకు సీటీలుంటాయి, ఊరూ తేదీ రాసుంటాదని ఆయన సెప్పినాడు. కడాపటి తేదీ సీటీ సూస్తే మా నాయన యాడ పొయినాడో తెలుస్తాది గదా. ఆడికి పొయ్యి ఒక ముద్ద పెట్టొస్తే నా పని అయిపోతాది."

దొర రాసుకున్న పెద్ద లెడ్జరు ఒకటి ఉండేది, దాన్ని నిజంగానే చెదలు తినేశాయి. ఆ నిజం అప్పుడు నాకు బాగా పనికొచ్చింది.

"చెదలు పట్టినాయి పెద్దాయనా" అన్నాను. "లెడ్జరూ పోయింది, చీటీలూ పోయినాయి."

నమ్మాడు. నమ్మి కూడా కదల్లేదు. "పిట్టలన్నా సూడొచ్చునా సార్? మా నాయన చెయ్యి నేను గుర్తుపడతాను" అన్నాడు.

మొదటి సొరుగు లాగాను. ఆయన ఒక్కో పిట్టను రెండు చేతులతో ఎత్తి, వెలుతురుకు తిప్పి, కడుపు మీద ఈకలు ఊది పక్కకు జరిపి కుట్టు చూశాడు. నాలుగోదో అయిదోదో చూసి ఆగిపోయాడు. కుట్టు చివర ఆవగింజంత ముడి ఉంది. మగ్గం మీద పోగు తెగితే అతకడానికి వేసే ముడి అట అది. గుడ్డలో ఎక్కడ ఉందో కనపడకూడదని అంత చిన్నదిగా వేస్తారట. "ఇది మా నాయనది" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా రోజూ చూస్తున్న పిట్టల కడుపుల మీద ఒక మనిషి సంతకం ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

నాకు అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. నేను చేసిన దాన్ని ఎలాగైనా పూడ్చుకోవాలని నాలో ఒకటే తొందర. "పెద్దాయనా, చీటీలు పోయినా పిట్ట ఉండాది గదా. కొన్ని పిట్టలు ఒక్క చోటే ఉంటాయి. పిట్టను బట్టి ఊరు పట్టుకోవచ్చు" అన్నాను. పక్క గదిలో నుంచి ఆసియా ఖండం గోడపటం తెచ్చి నేల మీద పరిచాను. బొమ్మల పుస్తకం తెచ్చాను. గుర్తులు పెట్టడానికి ఇంకేమీ దొరక్క కలరా ఉండల డబ్బా తెచ్చుకున్నాను.

ఇక మధ్యాహ్నం దాకా మేమిద్దరం నేల మీదే. ఆయన ముడి చూసి తీసిచ్చేవాడు, నేను పుస్తకం చూసి చోటు చెప్పేవాణ్ణి. మంచుకొండల కోడికి కాశ్మీరు పైన ఒక ఉండ. అడవికోడికి సింహళంలో ఒకటి. పచ్చమెడ నెమలికి బర్మాలో ఒకటి. డిప్పముక్కు పక్షికి అస్సాం అడవుల్లో. ఎడారి పిట్టకు సింధు దగ్గర. ఒక్కో ఉండ పెట్టినప్పుడల్లా ఆయన ముందుకు వంగి, నగరి నుంచి అక్కడికి వేలితో గీత గీసేవాడు.

"ఇంత దూరం నడిసినాడా సార్?"

"రైలూ, ఓడా ఎక్కుంటారు."

"ఓడ గూడానా!" అన్నాడు. ఆ ముఖంలో తొమ్మిదేళ్ళ పిల్లవాడి గర్వం కనబడింది. "మా ఊర్లో మా నాయన్ని పెండ్లాం బిడ్డల్ని ఇడ్సిపెట్టి పారిపొయినోడు అనేవాళ్ళు సార్. ఇంత పని సేసినాడని ఎవురికీ తెలవదు."

ఎండ నడినెత్తికొచ్చాక క్యారియరు తెరిచాడు. పై గిన్నెలో చింతాకు పప్పు, నడిమి గిన్నెలో అన్నం. తనకంటే నాకే ఎక్కువ పెట్టాడు. "మీ రుణం తీర్సుకోలేను సార్. వేరే ఎవురైనా చెదలు తినేసినాయి పొమ్మని తరిమేసుందురు" అన్నాడు. చెబుదామనుకున్నాను. అన్నం ముందు ఎందుకులే అనిపించింది. తిన్నాక చెబుదామనుకున్నాను. తిన్నాక, అన్ని సొరుగులూ అయ్యాక చెబుదామనుకున్నాను. పిరికివాడికి సమయం ఎప్పుడూ కాస్త ముందు ఉంటుంది.

చివరి బీరువాలో కింది సొరుగు. అందులో లకుముకి పిట్టలు. నీలం రంగు వీపు, ఇటుక రంగు కడుపు, మన ఏటి గట్టున అందరూ చూసేవే. ఆయన ఒకదాన్ని ఎత్తి, ఈకలు ఊది, కుట్టు వెంట వేలు పోనిచ్చాడు. తర్వాత కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. నేనూ వెళ్ళాను.

"సూడండి సార్. గొంతు కాడ నుంచి ఈడ దాకా మా నాయన. ఎంత సన్నంగా ఉండాదో. ఈడ నుంచి వేరే చెయ్యి. లావు సూది, వంకర కుట్టు. కడాన మామూలు ముడి."

నాకు చెప్పకుండానే అర్థమయింది. కుడుతూ కుడుతూ ఆపేశాడు. మిగతాది దొర కుట్టుకున్నట్టున్నాడు. ఆయన నాయన చేతి చివరి పిట్ట అది.

"ఇది యాడ పిట్ట సార్?"

ఆ గొంతులో ఎంత ఆశ ఉందో నేను చెప్పలేను. పుస్తకం తీశాను. తీయకుండానే నాకు తెలుసు. లకుముకి పిట్ట పేజీలో ఖండం పటం దాదాపు అంతా రంగు పూసి ఉంది. కాశ్మీరులో ఉంది, అస్సాంలో ఉంది, బర్మాలో ఉంది, సింహళంలో ఉంది, చైనాలో ఉంది. నేల మీద పటంలో మేం పెట్టిన ప్రతి ఉండ దగ్గరా ఉంది. అయిదారు వేల మైళ్ళ ఖండంలో ఆ మనిషి చివరి చోటు ఏదో ఈ పిట్ట చెప్పదు. దాని కాలికి కట్టిన చీటీ ఒక్కటే చెప్పగలదు. మూడేళ్ళ కిందట ఆ చీటీ నా చేతిలోకి వచ్చింది. గోధుమరంగు సిరా, వాలుగా రాసిన అక్షరాలు నాకు గుర్తున్నాయి. ఊరి పేరు చదివే ఉంటాను. ఈ రోజుకీ కళ్ళు మూసుకుని ఎంత వెతికినా ఆ పేరు రాదు. ఆయన తల్లి కన్నా నేను ఏం మెరుగు? ఆవిడకు నోరు తిరగలేదు, నేను నోరు తిరిగేవాణ్ణి.

"ఇది అన్ని చోట్లా ఉంటుంది పెద్దాయనా" అన్నాను.

"మా నగరి ఏటికాడ గూడా సూసినాను" అన్నాడు మెల్లగా. పిట్టను వొళ్ళో పెట్టుకుని పటం పక్కన కూలబడ్డాడు. కాసేపటికి తలెత్తి, "సదువుకున్నోళ్ళు సార్ మీరు. మీ మనసుకు ఏదో ఒగటి తోస్తాది గదా. ఫలానా సోటని మీ నోటితో ఒగ మాట సెప్పండి. ఎంత దూరమైనా నేను పోతాను" అన్నాడు.

నేను అస్సాం అనవచ్చు. కాశ్మీరు అనవచ్చు. ఆయన నమ్మేవాడు. ఆ మోకాళ్ళతో, ఆ క్యారియరుతో, భాష తెలియని రైళ్ళు ఎక్కి పోయేవాడు. ఏదో ఒక ఏటి ఒడ్డున ముద్ద పెట్టి, మనసు కుదుటపడి వచ్చేవాడు. అబద్ధం చెబితే తప్పేముందని ఒక్క క్షణం గట్టిగానే అనిపించింది. కానీ నా వల్ల ఒకసారి ఊరు పోగొట్టుకున్న మనిషికి, నేనే ఇంకో ఊరు కల్పించి ఇవ్వడం నాకు చేతకాలేదు. ఆ పిట్టలు చూస్తూ ఉండగా అసలే చేతకాలేదు.

"చెదలు కాదు పెద్దాయనా" అన్నాను. "చీటీలు నేను కాల్చినాను."

ఎందుకు కాల్చానో కూడా చెప్పాను. కమిటీ, తెల్ల కార్డులు, నా చేతిరాత, అన్నీ. చెబుతూ ఉంటే ఎంత చిన్న విషయమో అని నాకే సిగ్గేసింది. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. లేచి రెండు దెబ్బలు వేసినా బాగుండేది. తల వంచుకుని పిట్ట ఈకలు సవరిస్తూనే ఉన్నాడు. అన్నేళ్ళు ఆ హాల్లో ఒంటరిగా ఉన్నాను గానీ, ఆ పక్కన మనిషి ఉన్న నిమిషాల్లో ఉన్నంత ఒంటరిగా ఎప్పుడూ లేను.

"యాడ కాల్సినారు?" అని అడిగాడు చివరికి.

వెనక తలుపు తీసి తీసుకుపోయాను. ప్రహరీ గోడ పక్కన ఎండిపోయిన గడ్డి తప్ప అక్కడ ఏ గుర్తూ లేదు. మూడు వానాకాలాలు పోయాయి. "ఇక్కడే" అని చూపించాను.

"అన్ని సీటీలూ ఈడనే గదా సార్?"

"అన్నీ."

"కడాపటి ఊరిది గూడా?"

"అది కూడా."

ఆయన వంగి ఆ నేలను అరచేత్తో తడిమాడు. "అట్లయితే ఇంగ నేను యాడికీ పోవాల్సిన పన్లేదు" అన్నాడు. "మా నాయన తిరిగిన ఊర్లన్నీ కాలింది ఈడ. ఈడనే పెడతాను."

లోపలికి పోయి క్యారియరు తెచ్చాడు. కింది గిన్నెలో అన్నం ముట్టుకోకుండా ఉంది. నువ్వులు లేవు, దర్భలు లేవు. ఎండుగడ్డి నాలుగు పోచలు తుంచి పరిచాడు. కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కొచ్చి, తుండు నడుముకు చుట్టుకున్నాడు. నేను మర్యాదగా దూరం జరిగి, తలుపు దగ్గర నిలబడ్డాను. అది చూసి ఆయన చెయ్యి ఆపాడు.

"నిప్పు పెట్టింది మీ సేత్తోనే గదా సార్?"

"నా చేత్తోనే."

"మరి ఆడ నిలబడితే ఎట్ల? సెప్పులిడ్సి రాండి. నిప్పు పెట్టినోడు పక్కన లేకుండా ముద్ద పెట్టకూడదు."

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆయన ముఖం చూశాను. లేదు. చెప్పులు విడిచి వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆయన ముద్ద చేసి గడ్డి మీద పెట్టాడు. నా చేతికి కూడా కాస్త అన్నం ఇచ్చి ఒక ముద్ద చేయించాడు. ఇద్దరం నీళ్ళు వదిలాం. నా తండ్రి పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు, ఎవరో నా చెయ్యి పట్టుకుని అన్నీ చేయించారు. ఆ లెక్కన ఒక తండ్రికి నేను తెలిసి చేసిన కర్మ ఇదొక్కటే.

లేచి వెనక్కి జరిగి నిలబడ్డాం. గోడ మీదికి ఒక కాకి వచ్చి వాలింది. అటూ ఇటూ తల తిప్పి చూసింది గానీ దిగలేదు. ఎండ కాళ్ళు కాలుస్తోంది. చాలాసేపు చూశాం. కాకి ముట్టకపోతే, పోయినవాళ్ళ మనసులో ఏదో ఉండిపోయినట్టు లెక్క. వాళ్ళకు వినపడేలా మాట ఇవ్వాలి.

ఆయన చేతులు జోడించాడు. "నాయనా, మాయమ్మ నిన్ను ఎప్పుడూ ఒక మాట అనలా. బొట్టుతోనే పొయింది. నేను గూడా ఇంగ నిన్నేమీ అనను. పారిపొయినాడనే వాళ్ళకు నేను సెప్తా, నువ్వు యాడెంత తిరిగి ఏం సేసినావో" అన్నాడు. కాకి గోడ మీద ఒక అడుగు జరిగింది. అంతే.

ఆయన నా వైపు తిరిగాడు. "మీరు గూడా ఏమన్నా సెప్పండి సార్. మీ మాట కోసరం ఉండాడేమో."

అన్నేళ్ళు ఖాళీ హాల్లో పిట్టలతో మాట్లాడుకున్న వాణ్ణి, ఆ ఒక్క కాకి ముందు నా నోరు పెగల్లేదు. చివరికి ఎలాగో, "నేనే కాల్చినానయ్యా" అన్నాను. "చెదలు కాదు, ఎవురో చెప్పినందుకూ కాదు. రేపు పొద్దున్నే రిజిస్టర్లో ఆ మాట రాసి సంతకం పెడతాను. నీ పేరు అడిగి, నువ్వు కుట్టిన ప్రతి పిట్ట ఎదురుగా రాస్తాను. నేనుండేంత వరకూ దాన్ని ఎవరినీ కొట్టేయనీయను."

అని, ఎందుకో నాకే తెలియకుండా, చేతులు జోడించాను. కళ్ళు తుడుచుకుని చూసేసరికి కాకి నేల మీద ఉంది. రెండు గెంతులు వేసి, ముద్దను ముక్కుతో పొడిచి, ఇంత నోట కరుచుకుని లేచిపోయింది.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇన్నాడు సార్ నాయన" అన్నాడు. "మన ఇద్దరి మాటా ఇన్నాడు."